నోటుపుస్తకంలో 41 పేర్లు: కరోనా మూసివేతను విహారయాత్రల విమానాలు ఎలా దాటాయి

2020 ఏప్రిల్‌లో కావలిలో మా బావ దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. అందులో 41 పేర్లు. కొండాపురం, వింజమూరు, ఉదయగిరి వైపు నుంచి కాశీ యాత్రకు పేర్లు రాయించుకున్నవాళ్లు. మనిషికి 3,000 చొప్పున అడ్వాన్సు, మొత్తం 1,23,000 రూపాయలు. ఏప్రిల్ 20న బస్సు బయల్దేరాలి. మార్చి 25న లాక్‌డౌన్ పడింది. బస్సు షెడ్డులోనే ఉండిపోయింది.

ఫోన్లు మొదలయ్యాయి. ఎవరూ గొడవకు రాలేదు. "ఎటూ పోయేది లేదు గదయ్యా, ఆ మూడువేలు ఇస్తే ఇంట్లోకి సరుకులు తెచ్చుకుంటాం" అని అడిగారు, అంతే. న్యాయమైన మాటే. కానీ ఆ డబ్బు బావ దగ్గర లేదు. వెనక టైర్లు రెండు కొత్తవి వేయించాడు, 40,000 అయింది. ఇన్సూరెన్సు 35,000 కట్టాడు. వంటమనిషికీ, కాశీలో సత్రం గదులకూ కలిపి 20,000 పంపాడు. చేతిలో మిగిలింది 28,000. "అబ్బయా, నేను వాళ్ల డబ్బు తినలేదు. వాళ్ల ప్రయాణానికే పెట్టా. ఇప్పుడు ప్రయాణమే లేకపోతే ఎక్కడినుంచి తెచ్చివ్వాలి?" అన్నాడు నాతో.

అదే నెలలో నేనూ ఇంకోవైపు నుంచి అదే లెక్కలో ఇరుక్కున్నాను. మా పెద్దక్క కుటుంబంతో కలిసి మే 8న చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్లాలని ఫిబ్రవరిలోనే ఆరు టికెట్లు తీసుకున్నాం. 74,400 రూపాయలు. విమానం రద్దయింది, డబ్బు రాలేదు. బావ మీద వాళ్లకు రాని కోపం నాకు ఆ ఎయిర్‌లైన్ మీద వచ్చింది. ఆ కోపంతోనే ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ బావ నోటుపుస్తకమే కళ్లముందు కనపడేది.

సెలవులకు మాత్రమే ఎగిరే విమానాలు

విమాన సంస్థలన్నీ ఒకే రకం అనుకుంటాం. మనకు విమానమంటే చెన్నై మీనంబాక్కం, ఒంగోలు వైపువాళ్లకు గన్నవరం. అక్కడ ఎక్కే విమానంలో ఆఫీసు పనిమీద పోయేవాడు, కువైట్‌లో పనికి పోయే ఉదయగిరి మనిషి, పెళ్లికి పోయే కుటుంబం, అందరూ కలిసే ఉంటారు. కెనడా, బ్రిటన్, జర్మనీ, అమెరికా లాంటి చోట్ల మాత్రం కేవలం సెలవులకు పోయేవాళ్ల కోసమే నడిచే ఎయిర్‌లైన్స్ ఉన్నాయి. కెనడాలో ఎయిర్ ట్రాన్సాట్, అప్పట్లో సన్‌వింగ్ కూడా (2025లో అది వెస్ట్‌జెట్ అనే ఎయిర్‌లైన్‌లో కలిసిపోయింది). జర్మనీలో కాండోర్, టూయీ. బ్రిటన్‌లో జెట్2. అమెరికాలో అల్లీజియంట్, సన్ కంట్రీ. వీటిలో చాలావరకు సీటు ఒక్కటే అమ్మి ఊరుకోవు. విమానం, హోటల్, విమానాశ్రయం నుంచి హోటల్‌కు బస్సు, అన్నీ కలిపి ఒకే ధరకు ప్యాకేజీగా కూడా ఇస్తాయి. మన యాత్రా బస్సులవాళ్లు టిఫిను, భోజనం, సత్రం కలిపి ధర చెప్పినట్టే.

నేలపట్టుకు, పులికాట్‌కు వచ్చే పక్షులను చూసినవాళ్లకు ఈ విమానాల పద్ధతి ఇట్టే అర్థమవుతుంది. చలికాలం అక్కడ గడవదని వెచ్చని చోటికి వస్తాయి, ఎండలు ముదిరేసరికి వెళ్లిపోతాయి. కెనడాలో చలికి తట్టుకోలేక ఫ్లోరిడాకు, మెక్సికోకు, కరీబియన్ దీవులకు పోయే ముసలివాళ్లను అక్కడ మంచు పిట్టలనే పిలుస్తారు. ఎయిర్ ట్రాన్సాట్ చలికాలమంతా వాళ్లను దక్షిణానికి చేరవేస్తుంది. ఎండాకాలం రాగానే అవే విమానాలు యూరప్ వైపు తిరుగుతాయి.

సన్‌వింగ్, టూయీ ఇంకో ఏర్పాటు చేసుకున్నాయి. యూరప్‌లో జనం ఎక్కువగా తిరిగేది ఎండాకాలం. కెనడాలో దక్షిణానికి రద్దీ చలికాలం. కాబట్టి చలికాలంలో టూయీ విమానాలు, పైలట్లు కెనడా వచ్చి సన్‌వింగ్ కోసం పనిచేసేవాళ్లు. కోత మిషన్లు ఒక జిల్లాలో పని అవగానే ఇంకో జిల్లాకు పోయినట్టు. సీజన్ అనే గండాన్ని దాటడానికి అంతకంటే మంచి ఉపాయం లేదు. ఒకచోట పని లేనప్పుడు ఇంకోచోట ఉంటుంది గదా.

అన్నిచోట్లా ఒకేసారి పని ఆగిపోతే ఏం చేయాలనేది ఆ ఉపాయంలో లేదు. 2019లో ప్రపంచమంతా కలిపి విమానం ఎక్కినవాళ్ల లెక్క దాదాపు 450 కోట్లు. 2020లో అది దాదాపు 180 కోట్లకు పడిపోయింది. ఆ 180 కోట్లలోనూ పెద్ద వాటా జనవరి, ఫిబ్రవరి నెలలది. ఏప్రిల్‌లో ఆకాశం దాదాపు ఖాళీ.

మార్చి నెలే ఎందుకు అంత దెబ్బ తీసింది

దీన్ని కొంచెం నిదానంగా చెప్పాలి. అసలు ముడి ఇక్కడే ఉంది.

యూరప్, కెనడాల్లో జనం ఎండాకాలం సెలవులను క్రిస్మస్ అయిపోగానే, జనవరి నుంచి మార్చిలోపు బుక్ చేసుకుంటారు. కొందరు అడ్వాన్సు కడతారు, కొందరు మొత్తం కట్టేస్తారు. అంటే జులైలో ఎగరబోయే విమానం డబ్బు ఫిబ్రవరికే కంపెనీ ఖాతాలో పడుతుంది. ఖాతా పుస్తకంలో అది ఆదాయం కాదు, అప్పు. ప్రయాణం జరిగిన రోజే అది ఆదాయమవుతుంది. అంతవరకు కంపెనీ ప్రయాణికుడికి బాకీ.

కానీ ఆ బాకీ డబ్బుతోనే కంపెనీ బండి నడుస్తుంది. హోటళ్లకు ముందే కట్టాలి. విమానాల అద్దె, జీతాలు, ఇంజిన్ మరమ్మతులు, అన్నీ ఆ ప్రవాహంలోంచే. పోయిన సీజన్ ఖర్చును వచ్చే సీజన్ అడ్వాన్సు మోస్తుంది. రోజూ కొత్త బుకింగులు వస్తున్నంతకాలం ఎవరికీ ఏమీ తెలియదు. సోమశిల నుంచి నీళ్లు వస్తున్నంతసేపు కాలువ నిండుగానే కనపడుతుంది. తూము దించిన రోజు తెలుస్తుంది అడుగు ఎంత లోతో.

2020 మార్చిలో ఆ తూము దిగింది. కొత్త బుకింగులు ఆగిపోయాయి. పాత బుకింగుల వాళ్లు డబ్బు వెనక్కి అడిగారు. ఇవి చాలవన్నట్టు క్రెడిట్ కార్డుల సొమ్ము వసూలు చేసిపెట్టే సంస్థలు కూడా భయపడ్డాయి. ప్రయాణం జరగకపోతే కార్డుదారుడికి డబ్బు తిరిగి ఇవ్వాల్సింది చివరికి ఆ సంస్థలే కాబట్టి, ఎయిర్‌లైన్‌కు ఇవ్వాల్సిన సొమ్మును పట్టి ఉంచుకోవడం మొదలుపెట్టాయి. మూడు వైపులా ఒకేసారి మూసుకుపోయింది.

ఇంధనం సంగతి కూడా చూడండి. ప్యాకేజీ ధర ఆరునెలల ముందే చెప్పాలి కాబట్టి, ఇంధనం ధర మధ్యలో పెరిగి నష్టం రాకుండా ముందే ఒక రేటు ఖాయం చేసుకుంటారు. మామూలు రోజుల్లో అది జాగ్రత్త. 2020లో విమానం ఎగరదు, ఇంధనం అక్కర్లేదు, పైగా మార్కెట్లో చమురు ధర కుప్పకూలింది. ఏప్రిల్ 20న అమెరికా చమురు ముందస్తు కొనుగోలు ఒప్పందాల (ఫ్యూచర్స్) ధర సున్నా కంటే కిందికి పోయింది. గుంటలో రొయ్య లేకపోయినా పాత రేటుకు మేత కొంటానని రాసిచ్చిన రైతు పరిస్థితి అది. మన కోట, విడవలూరు వైపు గుంటలు చేసేవాళ్లకు ఆ బాధ వేరే చెప్పనక్కర్లేదు.

నిలబెట్టిన బండికీ ఖర్చే

"తిరగకపోతే డీజిల్ మిగిలింది గదా" అని బావను ఒకాయన అడిగాడు. బావ ఆయన్ను షెడ్డుకు తీసుకెళ్లి చూపించాడు. నేనూ వెళ్లాను. బ్యాటరీ వైర్లు విప్పి పక్కన పెట్టాడు. అయినా మూడు నాలుగు రోజులకోసారి తగిలించి ఇంజిన్ స్టార్ట్ చేసి పావుగంట ఉంచాలి. బస్సును రెండడుగులు ముందుకు, రెండడుగులు వెనక్కి జరపాలి, లేకపోతే టైరు ఒకే చోట బరువుపడి అణిగిపోతుంది. డ్యాష్‌బోర్డు కింద ఎలుకలు వైరు కొరికాయి. సీట్ల కవర్లకు బూజు వాసన. కిటికీ రబ్బరు ఎండకు పగిలింది. తిరగని బస్సుకు రోజూ ఒక మనిషి కావాలి.

విమానానిది ఇంతకు వంద రెట్లు. నిలబెట్టిన విమానం ఇంజిన్లకు మూతలు వేస్తారు. లోపల తేమ పట్టకుండా, తేమను పీల్చే సంచులు పెడతారు. చక్రాలను కొన్ని రోజులకోసారి తిప్పుతారు, టైరు అణిగిపోకుండా. ఎక్కువకాలం ఉంచాలంటే గాలిలో తేమ లేని చోటికి తీసుకెళ్తారు. అందుకే ఆ రోజుల్లో స్పెయిన్‌లో తెరుయెల్, ఆస్ట్రేలియాలో ఆలిస్ స్ప్రింగ్స్, అమెరికా ఎడారుల్లోని విమానాశ్రయాలు వరసల కొద్దీ విమానాలతో నిండిపోయాయి.

నాకు బాగా గుర్తుండిపోయింది పీటో ట్యూబ్ విషయం. విమానం ముందుభాగంలో బయటికి పొడుచుకొచ్చి ఉండే వేలెడంత గొట్టం అది. ఎదురుగాలి అందులోకి దూసుకొచ్చే ఒత్తిడిని బట్టి విమానం వేగం తెలుస్తుంది. మన ఇళ్లలో తలుపు గొళ్లెం రంధ్రంలో, ప్లగ్గు రంధ్రంలో కుమ్మరి పురుగు మట్టి తెచ్చి గూడు కడుతుంది చూడండి, అలాంటివే ఆ గొట్టంలో కూడా కడతాయి. మూత వేయని గొట్టం మూసుకుపోతే పైలట్‌కు తప్పుడు వేగం కనపడుతుంది. యూరప్ విమాన భద్రతా సంస్థ 2020లోనే దీనిమీద హెచ్చరిక ఇచ్చింది. నిలిచి ఉండి మళ్లీ ఎగిరిన విమానాల్లో వేగం తప్పు చూపిన సంఘటనలు పెరిగాయని చెప్పింది. అదే సంవత్సరం జులైలో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఇంకో అత్యవసర ఆదేశం ఇచ్చింది. 7 రోజులు, అంతకు మించి నిలిపి ఉంచిన బోయింగ్ 737 పాత రకాల్లో ఇంజిన్ దగ్గర ఒక వాల్వు తుప్పుపట్టి ఇరుక్కుంటోంది, తనిఖీ చేయకుండా ఎగరొద్దని.

మనుషులదీ అంతే. ప్రయాణికులను ఎక్కించుకోవాలంటే పైలట్ గత 90 రోజుల్లో కనీసం మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగులు చేసి ఉండాలన్నది ప్రపంచమంతా దాదాపు ఒకే నియమం. విమానం ఎగరకపోతే, నేలమీదే విమానం నడిపినట్టు ఉండే యంత్రంలో (సిమ్యులేటర్‌లో) చేయించాలి. దానికీ ఖర్చు, దానికీ వరస.

ఇక విమానం అద్దెదైతే, ఎగిరినా ఎగరకపోయినా నెలకు లక్షల డాలర్లు కట్టాల్సిందే. కొన్ని సంస్థలు అద్దెకిచ్చినవాళ్లను బతిమాలి గంటల లెక్కకు మార్పించుకున్నాయి. ఎగిరిన గంటలకే అద్దె. ఇచ్చినవాళ్లూ ఒప్పుకున్నారు, ఎందుకంటే విమానం వెనక్కి తీసుకుని వాళ్లు మాత్రం ఎవరికిస్తారు?

ఒక్కొక్కరు ఒక్కో దారి

అమెరికాలో అల్లీజియంట్ దారి నాకు మా ఊరి తెలివిలా అనిపించింది. చిన్న ఊళ్ల నుంచి లాస్ వెగాస్‌కు, ఫ్లోరిడాకు తిప్పే సంస్థ అది. చాలాకాలం సెకండ్ హ్యాండ్ విమానాలే కొన్నది. కొత్త విమానానికి నెలనెలా పెద్ద మొత్తం కట్టాలి కాబట్టి దాన్ని రోజంతా తిప్పి తీరాలి. పాతది చౌక, కాబట్టి రద్దీ లేని రోజున నిలబెట్టినా గుండె దడ పుట్టదు. అల్లీజియంట్ మంగళ, బుధవారాల్లో విమానాలను బాగా తక్కువగా తిప్పడం ముందునుంచీ అలవాటు. ఆపడం, మళ్లీ మొదలుపెట్టడం దానికి వారంవారం చేసే పనే. పైగా అన్నీ దేశం లోపలి ప్రయాణాలు, పక్క దేశం సరిహద్దు ఎప్పుడు తెరుస్తుందా అని చూడక్కర్లేదు. ఫ్లోరిడాలో సొంతంగా కడుతున్న పెద్ద రిసార్ట్ పనిని మాత్రం 2020 మార్చిలో ఆపేసి డబ్బు దాచుకుంది. అది చివరికి 2023 డిసెంబరులో తెరుచుకుంది.

సన్ కంట్రీకి ఇంకో అదృష్టం కలిసొచ్చింది. కరోనాకు ముందే, 2019 డిసెంబరులో, అమెజాన్ సరుకులు మోసే ఒప్పందం చేసుకుంది. 2020 మేలో సరుకు విమానాలు మొదలయ్యాయి. సరిగ్గా జనం ఇళ్లలో కూర్చుని అన్నీ ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్న రోజులు. ప్రయాణికులను తిప్పే పైలట్లే సరుకు విమానాలూ నడిపారు. పైలట్లకు నడిపే అలవాటు పోలేదు, జీతానికి పని దొరికింది. 2021 మార్చిలో ఆ కంపెనీ షేర్ మార్కెట్‌లోకి కూడా వచ్చింది.

మన దేశంలోనూ సరుకే కొంత ఆదుకుంది. 2020 ఏప్రిల్ 7న స్పైస్‌జెట్ ఢిల్లీ నుంచి చెన్నైకి ప్రయాణికుల సీట్లలోనే సరుకు పెట్టి తెచ్చింది. సీట్లకు కవర్లు చుట్టి, డబ్బాలను వలలతో కట్టి.

జర్మనీ కాండోర్ కథ వింటే జాలేస్తుంది. దాని యజమాని, బ్రిటన్ టూర్ల కంపెనీ థామస్ కుక్, 2019 సెప్టెంబరులో దివాలా తీసింది. ప్రభుత్వ అప్పుతో బతికి బయటపడి, 2020 జనవరిలో పోలండ్ ఎయిర్‌లైన్ లాట్ మాతృసంస్థ కొంటానంటే ఒడ్డున పడ్డామనుకుంది. ఏప్రిల్‌లో ఆ కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. మళ్లీ ప్రభుత్వమే 55 కోట్ల యూరోల అప్పు ఏర్పాటు చేసింది. 2021లో అటెస్టర్ అనే పెట్టుబడి సంస్థ 51 శాతం తీసుకునేదాకా ఆ అప్పుమీదే నిలబడింది. అందరికీ అలా చేయి దొరకలేదు. ఇంకో సెలవుల ఎయిర్‌లైన్ సన్‌ఎక్స్‌ప్రెస్ తన జర్మనీ విభాగాన్ని మూసేస్తున్నట్టు 2020 జూన్‌లోనే ప్రకటించింది.

ఆ మొదటి వారాల్లో ఈ విమానాలకు పని ఇచ్చింది ప్రభుత్వాలే. దేశదేశాల్లో చిక్కుకున్న తమవాళ్లను తెచ్చుకోవడానికి జర్మనీ మార్చి 17న మొదలుపెట్టిన ఏర్పాటులో కాండోర్, టూయీ విమానాలు కూడా తిరిగాయి. మొత్తం దాదాపు 2 లక్షల 40 వేల మందిని ఇళ్లకు చేర్చారు. మన వందే భారత్ మిషన్ మే 7న మొదలైంది. అప్పుడు కువైట్ నుంచి మనవాళ్లు ఎంత ఆశగా ఎదురుచూశారో ఉదయగిరి, కనిగిరి వైపు ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. బావ రెండో బస్సు కూడా షెడ్డులోంచి మొదట కదిలింది అలాంటి పనికే. చెన్నై నుంచి హైవే మీద నడిచిపోతున్న ఒడిశా కూలీలను దింపిరావడానికి మే నెలలో అద్దెకు అడిగారు. లాభం ఏమీ లేదు. డ్రైవర్‌కు రెండు నెలల తర్వాత జీతం ముట్టింది, అది చాలు అన్నాడు.

వాపసు ఇవ్వాలా, కూపన్ ఇవ్వాలా

మళ్లీ నోటుపుస్తకం దగ్గరికే వస్తాను.

ఎయిర్ ట్రాన్సాట్ 2020 మార్చి 18న విమానాలు ఆపేస్తామని చెప్పి, బయట ఉన్నవాళ్లను వెనక్కి తెచ్చి, ఏప్రిల్ 1న చివరి విమానం నడిపింది. కెనడాలో ఉద్యోగుల్లో దాదాపు 70 శాతం మందిని తాత్కాలికంగా ఇంటికి పంపింది. పాత ఎయిర్‌బస్ 310లను అనుకున్న గడువుకంటే ముందే పక్కన పెట్టేసింది. ప్రయాణికులకు డబ్బు బదులు, తర్వాత వాడుకునే క్రెడిట్ ఇచ్చింది. కెనడా రవాణా నియంత్రణ సంస్థ కూడా మార్చి 25న, ఈ పరిస్థితుల్లో అలా ఇవ్వడం సబబే కావచ్చన్నట్టు ఒక ప్రకటన చేసింది. జనం మండిపడ్డారు. నేను వాళ్ల వైపే.

ఎందుకంటే కూపన్ అంటే అప్పు. నా చేతిలో ఉండాల్సిన డబ్బు కంపెనీ వాడుకుంటోంది. వడ్డీ లేదు, హామీ లేదు, నన్ను అడగలేదు. కంపెనీ మునిగితే బ్యాంకులు, అద్దె యజమానులు అందరి తర్వాత వరసలో నిలబడాల్సింది నేనే. ఉద్యోగం పోయి, ఇంటి అద్దె కట్టలేక ఉన్న మనిషి దగ్గర బలవంతంగా అప్పు తీసుకోవడం అది. ఇంకోవైపు, అందరికీ ఒకేరోజు ఇచ్చేస్తే కంపెనీ మూతపడుతుంది, అప్పుడు ఎవరికీ రాదు. రెండూ నిజాలే. ఈ భారాన్ని ఎవరు మోయాలన్నదే ప్రశ్న. ప్రయాణికుడా, వాటాదారుడా, ప్రభుత్వమా?

బ్రిటన్ చట్టం ప్యాకేజీ రద్దయితే 14 రోజుల్లో డబ్బు ఇవ్వాలంటుంది. అక్కడా చాలా కంపెనీలు నెలలు తిప్పించుకున్నాయి. జెట్2 మాత్రం వాపసు త్వరగా ఇస్తుందన్న పేరు తెచ్చుకుంది. మరి డబ్బు? 2020లో ఒకసారి, 2021లో ఒకసారి కొత్త వాటాలు అమ్మి తెచ్చుకుంది. అంటే భారం ప్రయాణికుడి మీద కాకుండా వాటాదారుల మీద పెట్టింది. లాభం వచ్చినప్పుడు పంచుకునేది వాళ్లే గనక నష్టం కూడా వాళ్లదే కావడం నాకు ధర్మంగా తోస్తుంది.

కెనడాలో ఆ భారం చివరికి ప్రభుత్వం మీదికి వెళ్లింది. ఎయిర్ ట్రాన్సాట్‌ను ఎయిర్ కెనడా కొనాలని 2019లోనే అనుకున్నారు. షేరుకు 18 డాలర్లన్న ధర, 2020 అక్టోబరుకు 5 డాలర్లకు దిగింది. యూరప్ దేశాల కూటమి తరఫున ఇలాంటి బేరాలను పరిశీలించే యూరోపియన్ కమిషన్ ఒప్పుకోదని తేలిపోవడంతో 2021 ఏప్రిల్ 2న ఆ బేరం రద్దయింది. మధ్యలో 2021 జనవరి చివర మెక్సికో, కరీబియన్ విమానాలు ఆపమని ప్రభుత్వం అడగడంతో ట్రాన్సాట్ మళ్లీ అన్నీ నిలిపేసింది. అది జులై చివరిదాకా సాగింది. చలికాలం సీజన్ మొత్తం పోయింది. ఆ పరిస్థితిలో ఏప్రిల్ 29న ప్రభుత్వం 70 కోట్ల కెనడా డాలర్ల వరకు అప్పు ఇచ్చింది. అందులో 31 కోట్లు ప్రయాణికులకు వాపసు ఇవ్వడానికే విడిగా కేటాయించింది. సంవత్సరం పైగా కూపన్లు పట్టుకుని కూర్చున్నవాళ్లకు అప్పుడు డబ్బు కదిలింది.

మన దగ్గర ఏప్రిల్ 16న పౌర విమానయాన శాఖ ఇచ్చిన ఉత్తర్వు, లాక్‌డౌన్ మొదలైన తర్వాత బుక్ చేసినవాళ్లకే పూర్తి వాపసు అంది. మాలాగా ఫిబ్రవరిలోనే కొన్నవాళ్లు అందులోకి రాలేదు. మాకు వచ్చింది క్రెడిట్ షెల్, అంటే ఎయిర్‌లైన్ దగ్గరే ఉండిపోయే డబ్బు. పైగా మేము కొన్నది నెల్లూరులో ఏజెంటు దగ్గర. ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేస్తే ఏజెంటును అడగమనేవాళ్లు. ఆయన్ను అడిగితే కంప్యూటర్ తెర మావైపు తిప్పి చూపించేవాడు. అక్కడ మా ఆరు పేర్లు, ఎదురుగా 74,400 అంకె కనపడుతూనే ఉండేది, తీయడానికి మాత్రం వీల్లేదు. ట్రంకురోడ్డులో చిన్న గది, ఒక ఫ్యాను, నాలుగు కుర్చీలు. మాలాంటివాళ్లు తన దగ్గర అరవై మంది దాకా ఉన్నారన్నాడు. మొదట్లో ఆయన మీద అరిచాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంది.

2020 అక్టోబరు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. లాక్‌డౌన్ రోజుల్లో బుక్ చేసి, ఆ రోజుల్లోనే ప్రయాణించాల్సినవాళ్లకు వెంటనే డబ్బు. ముందే కొన్నవాళ్లకు 15 రోజుల్లో ఇవ్వాలి, ఇవ్వలేని స్థితిలో ఉన్న సంస్థ క్రెడిట్ షెల్ ఇవ్వొచ్చు. కానీ ఊరికే కాదు. రద్దయిన రోజు నుంచి జూన్ 30 దాకా నెలకు 0.5 శాతం, ఆ తర్వాత నెలకు 0.75 శాతం దాని విలువ పెరగాలి. లక్ష రూపాయల టికెట్టుకు మొదట నెలకు 500, తర్వాత నెలకు 750. ఏ రూటుకైనా వాడుకోవచ్చు, ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. 2021 మార్చి 31లోపు వాడకపోతే డబ్బు తిరిగి ఇచ్చేయాలి. ఏజెంటు ద్వారా కొన్నవాళ్ల సంగతి కూడా అందులో ఉంది. డబ్బు ఏజెంటు ఖాతాలో పడాలి, ఆయన వెంటనే ప్రయాణికుడికి ఇవ్వాలి. ప్రయాణికుడు ఇచ్చింది అప్పు లాంటిదేనని, దానికి వడ్డీ లాంటిది ఉండాలని నాకు ఈ తీర్పులో కనపడింది. అందుకే దీన్ని ఇంత వివరంగా రాశాను.

మళ్లీ ఎగిరిన రోజు

దేశంలో విమానాలు 2020 మే 25న, ఆంధ్రప్రదేశ్‌లో ఒకరోజు ఆలస్యంగా 26న మొదలయ్యాయి. మొదట మూడోవంతుకే అనుమతి. పూర్తి స్థాయికి అనుమతి రావడానికి 2021 అక్టోబరు 18 దాకా పట్టింది. మామూలు అంతర్జాతీయ విమానాలు 2022 మార్చి 27న గానీ తిరిగి రాలేదు.

జనం తిరగడం మొదలుపెట్టాక ముందు నిండినవి సెలవుల విమానాలే. మీటింగులు ఫోన్లోకి, కంప్యూటర్లోకి వెళ్లిపోయాయి, ఆఫీసు ప్రయాణాలు రాలేదు. అమ్మను చూడాలి, సముద్రం చూడాలి అనుకున్నవాళ్లు ముందు వచ్చారు. అన్నిటికంటే గట్టిగా దెబ్బతిన్న వ్యాపారమే అన్నిటికంటే ముందు లేచింది. కానీ పంపించేసిన మనుషులు అంత తొందరగా తిరిగి రాలేదు. బ్యాగులు ఎత్తేవాళ్లు, తనిఖీ చేసేవాళ్లు వేరే పనుల్లో కుదురుకున్నారు. కొత్తవాళ్లకు భద్రతా అనుమతులు రావడానికి వారాలు పట్టేది. 2022 జులైలో లండన్ హీత్రూ విమానాశ్రయం, రోజుకు లక్ష మందికి మించి బయల్దేరే ప్రయాణికులను తీసుకోలేమని చేతులెత్తేసింది. మనిషిని తీసేయడానికి ఒక ఉత్తరం చాలు, పని తెలిసిన మనిషిని మళ్లీ తెచ్చుకోవాలంటే ఒక సీజన్ పోతుంది. బావ ఇద్దరు డ్రైవర్లను సగం జీతమైనా ఇచ్చి వదలకుండా ఉంచుకున్నాడు. బ్యాంకు ఆగస్టు దాకా కిస్తీ వాయిదా వేసింది కాబట్టి అది కుదిరింది.

మా డబ్బు 2021 మార్చి చివరి వారంలో ఏజెంటు ఖాతాలో పడింది. ఆయనే ఫోన్ చేసి రమ్మన్నాడు. పదమూడు నెలలు. అక్కావాళ్లు పోర్ట్ బ్లెయిర్ చూసింది 2022 డిసెంబరులో.

బావ నోటుపుస్తకం ఈమధ్య కావలి వెళ్లినప్పుడు అడిగి చూశాను. మరీ ఇబ్బందిలో ఉన్నవాళ్లకు ముందు, మిగతావాళ్లకు వరసగా, నెలకు ముగ్గురు నలుగురు చొప్పున తిరిగి ఇచ్చాడు. ఇచ్చిన పేరు పక్కన టిక్కు, తేదీ. పదకొండు మంది "డబ్బు వద్దు, బస్సు కదిలినప్పుడే వస్తాం" అన్నారు. వాళ్ల పేర్ల పక్కన సున్నా చుట్టాడు. 2021 కార్తీకంలో ఆ బస్సు కాశీకి బయల్దేరింది. సున్నా చుట్టిన పదకొండు మందిలో ఎక్కింది తొమ్మిది మంది. రెండో వేవ్‌లో పోయిన ఇద్దరి పేర్ల కింద వాళ్ల కొడుకుల సంతకాలున్నాయి, పక్కన మూడేసి వేలు.